దుప్పి కావాలా, కుందేలు చాలునా?

2004 డిసెంబరు 26 ఉదయం సునామీ తమిళనాడు తీరాన్ని ముంచెత్తింది. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరువేల మందికి పైగా అసువులు బాసారు. దేశం నలుమూలల నుండి సహాయం వెల్లువెత్తింది. కొద్ది రోజులకే అక్కడ ఒక విచిత్ర దృశ్యం కనుపించింది. రోడ్ల ప్రక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇతరులు కట్టి విడిచిన బట్టలను తొడుక్కొనడానికి మత్స్యకారుల ఆత్మాభిమానం అంగీకరించలేదు. పంపినవారి దయను శంకించనక్కరలేదు. ఏ ఊరికి ఏమి కావాలో, ఇతరులు ఏమి పంపుతున్నారో వారికి తెలియదు, అంతే.

ఇటువంటి చిక్కుముడులను పరిశీలించే గణితశాస్త్ర శాఖ ఒకటున్నది. దానిపేరు క్రీడా సిద్ధాంతం. పేరు వినగానే వినోదం స్ఫురిస్తుంది కాని, ఇక్కడ క్రీడ అంటే నా లాభనష్టాలు నీ నిర్ణయంపై, నీవి నా నిర్ణయంపై ఆధారపడే సన్నివేశం. 1944లో జాన్ వాన్ న్యూమన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ వెలువరించిన ఉద్గ్రంథం ఈ శాస్త్రానికి పునాది వేసింది.

దీనిలో ఒక ప్రసిద్ధ దృష్టాంతానికి మూలం 1755 నాటి రూసో రచనలో ఉన్నది. ఇద్దరు వేటగాళ్ళు దుప్పికోసం చెరొక ప్రక్క మాటువేశారు. ఇద్దరూ నిలిస్తేనే దుప్పి చిక్కుతుంది. ఇంతలో ఒకని ముందునుండి కుందేలు పరుగెత్తింది. దానిని ఒంటరిగానే పట్టవచ్చు. దుప్పి దొరికితే తలా నాలుగు పాళ్ళు, కుందేలైతే ఒక పాలు అనుకొందాం. తోటివాడు నిలుస్తాడన్న నమ్మకం నాలుగింట ఒక వంతు మించితే చాలు, మాటు విడువకపోవడమే లాభం. కాని కుందేలు బలిసి మూడు పాళ్ళ విలువ చేస్తే? అప్పుడు ఆ నమ్మకం నాలుగింట మూడు వంతులు మించాలి!

సహాయ సంస్థల స్థితి ఇదే. కలిసి సర్వే జరిపి, గ్రామాలను పంచుకొని, ఇండ్లను, జీవనోపాధిని నిలబెట్టడం దుప్పి వేట. రోడ్డు దగ్గరి ఊళ్ళో దుప్పట్లు పంచి, ఫోటో తీయించుకొనడం కుందేటి వేట. దాతలు ఫోటోలనే మెచ్చుకొన్నకొద్దీ కుందేలు బలుస్తుంది. మారుమూల పల్లెకు మాత్రం ఏమీ చేరదు.

మరి నమ్మకం పెరిగే దారి ఏది? మొదటిది సమాచారం. నాగపట్నంలో దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య, స్నేహ అనే సంస్థ పూనుకొని, జిల్లా యంత్రాంగం తోడ్పాటుతో 2005 జనవరిలో ఒక సమన్వయ కేంద్రాన్ని నెలకొల్పాయి. ఎవరు ఎక్కడ ఏమి చేస్తున్నదీ ఒకచోట తెలియసాగింది. అవతలివాడు మాటులో ఉన్నాడని తెలిసినప్పుడు ఇవతలివాడు కదలడు.

రెండవది పునస్సమాగమం. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రజ్ఞుడు కంప్యూటర్లపై వ్యూహాల పోటీలు నిర్వహించి, ఆ ఫలితాలను 1984లో గ్రంథస్థం చేశాడు. రెండు పోటీలలోనూ గెలిచినది అనటోల్ రాపొపోర్ట్ పంపిన అతి సులభమైన వ్యూహం: తొలుత సహకరించు, తరువాత ఎదుటివాడు చేసినట్లే చేయి. మళ్ళీ ముఖాముఖాలు చూచుకోవలసినవారే మాట నిలుపుకొంటారని దీని సారాంశం.

కచ్ ఇందుకు నిదర్శనం. 1998 తుఫాను అనంతరం అక్కడి స్వచ్ఛంద సంస్థలు ‘అభియాన్’ పేరిట ఏకమైనాయి. 2001 జనవరి 26న భూకంపం సంభవించేనాటికి వారు పరస్పరం అపరిచితులు కారు. కనుకనే గ్రామాలకు, సహాయకులకు నడుమ వారధులుగా ‘సేతు’ కేంద్రాలను త్వరలోనే తెరువగలిగారు. నెలకే తిరిగిపోయే పరదేశి సంస్థకు ఈ రేపటి భయం ఉండదు.

బంగాళాఖాతపు తీరవాసులకు ఈ ఆట ఒక్కసారితో ముగిసేది కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచింది, 2004లో సునామీ వచ్చింది. తరువాతిది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఒప్పందాలు మాత్రం గాలి వీచకముందే కుదరాలి. ఆ ఒప్పందాలలో బాధితుల మాట తప్పక ఉండాలి. లేనిచో దుప్పి పేరిట మరొక పాత బట్టల గుట్టే మిగులుతుంది.

పాఠకులలో చాలామంది ఏదో ఒకనాడు విరాళమిచ్చి ఉంటారు. ఇకమీదట ఇచ్చేముందు ఒక ప్రశ్న వేసి చూడండి: “మీరక్కడ ఎవరెవరితో కలిసి పనిచేస్తున్నారు?” ఆ ఒక్క ప్రశ్న కుందేలును కొంత చిక్కిపోయేటట్లు చేస్తుంది.