కనపడకపోతే పోయినట్టేనా?



బేస్తవారిపేటకు దగ్గరలోని మార్కాపురం పలకలకు పేరు. పలక మీద బలపంతో రాస్తాం. తడిగుడ్డతో తుడుస్తాం. తుడిస్తే రాత పోతుంది. మళ్ళీ రాదు.

కంప్యూటరులో రాత అలాంటిది కాదు. తెర మీద కనపడకపోయినా అది లోపల ఉండవచ్చు. ఈ సంగతి తెలియక కొందరు కంగారు పడతారు. తొందరపడి ఉన్నది కూడా తుడిచేస్తారు. అందుకే ఈ పాఠం.

లెక్కలు యాడికి పోయినయ్?

ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. పదిమంది సభ్యులు. నెలనెలా పొదుపు కడతారు. అప్పు వాయిదాలు కడతారు. ఆ లెక్కలన్నీ బుక్ కీపర్ కంప్యూటరులో ఎక్కిస్తుంది.

ఆ కంప్యూటరు పాతదైంది. కొత్తది కొన్నారు. ఇప్పుడు చాలాచోట్ల ఇలా మారుస్తున్నారు. దానికి ఒక కారణం ఉంది. కంప్యూటరును నడిపించే ఏర్పాటు పేరు విండోస్. మైక్రోసాఫ్ట్ కంపెనీ దాన్ని తయారు చేసింది. విండోస్ 10 అనే రకానికి ఆ కంపెనీ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు.

బుక్ కీపర్ పాత ఫైళ్ళను పెన్ డ్రైవులో ఎక్కించింది. కొత్త కంప్యూటరులో దించింది. చూస్తే రెండేళ్ళ లెక్కలు లేవు!

ఒక సభ్యురాలు ఇరవై వాయిదాలలో పద్దెనిమిది కట్టింది. ఆమె గుండె గుభేలుమంది. "ఏందమ్మా, మా లెక్కలు యాడికి పోయినయ్? కట్టిందే మళ్ళీ కట్టాల్నా?" అని అడిగింది.

ఆమె అడిగింది న్యాయమే. అది ఆమె కష్టార్జితం. మరి ఆ లెక్కలు ఎక్కడ దాగి ఉంటాయి? మూడు చోట్ల చూడాలి.

మొదటిది: వేరే పెట్టెలో

ఇల్లు మారేటప్పుడు బీరువా తెస్తాం. మంచం తెస్తాం. అటక మీద పెట్టింది మరిచిపోతాం. ఇక్కడా అంతే.

మనం రాసి దాచిన కాగితం లాంటిది ఫైలు. ఫైళ్ళను పెట్టే పెట్టె ఫోల్డరు. 'డాక్యుమెంట్స్' ఒక పెట్టె. 'డౌన్‌లోడ్స్' ఒక పెట్టె. 'డెస్క్‌టాప్' ఇంకొక పెట్టె. ఒక్క డాక్యుమెంట్స్ తెచ్చుకుంటే, మిగతా రెండింటిలోవి పాత కంప్యూటరులోనే ఉండిపోతాయి.

కాబట్టి పాత కంప్యూటరును మళ్ళీ తెరవండి. 'సి డ్రైవు'లో 'యూజర్స్' అనే ఫోల్డరు ఉంటుంది. అందులో కంప్యూటరు వాడినవారి పేరుతో ఫోల్డరు ఉంటుంది. ఆ మూడు పెట్టెలూ మామూలుగా అక్కడే ఉంటాయి. ఫైలు పేరు గుర్తుంటే పైన వెతికే గడిలో రెండు మూడు అక్షరాలు కొట్టినా చాలు.

రెండవది: మూసిన గదిలో

కొన్ని ఫోల్డర్లను కంప్యూటరే కనపడకుండా ఉంచుతుంది. ఎందుకు? మనం పొరపాటున చెరిపేస్తామని. 'యాప్ డేటా' అనేది అలాంటి ఫోల్డరు. అది డాక్యుమెంట్స్ పక్కనే ఉంటుంది. కానీ మనకు కనపడదు. కొన్ని ప్రోగ్రాములు మనం ఎక్కించిన వివరాలను అందులోనే దాస్తాయి. డాక్యుమెంట్స్ ఒక్కటే కాపీ చేస్తే అవి రావు.

దాన్ని చూడడం ఎలా?

పసుపు రంగు ఫోల్డరు బొమ్మ నొక్కండి. పైన 'వ్యూ' అని ఉంటుంది. అది నొక్కండి. విండోస్ 10లో అయితే 'హిడెన్ ఐటమ్స్' అని చిన్న గడి కనిపిస్తుంది. అందులో టిక్కు పెట్టండి. విండోస్ 11లో అయితే వ్యూ కింద 'షో' అని ఉంటుంది. దానిలో 'హిడెన్ ఐటమ్స్' ఉంటుంది. దాన్ని నొక్కండి. దాగిన ఫోల్డర్లు రంగు వెలిసినట్టు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ గదిలో ఏదీ చెరపకూడదు. ఏదీ కదపకూడదు. కావలసినది కాపీ మాత్రమే చేసుకోవాలి. లెక్కల ప్రోగ్రాములో 'బ్యాకప్' అనే సౌకర్యం ఉంటే దానితో తెచ్చుకోవడమే మేలు. పని అయ్యాక టిక్కు తీసేయండి.

పెన్ డ్రైవులో కూడా ఒక చిక్కు వస్తుంది. జిరాక్సు షాపులో పెట్టి తెచ్చాక మన ఫైళ్ళు మాయమవుతాయి. వాటి పేర్లతోనే మూలన చిన్న బాణం గుర్తున్న బొమ్మలు కనిపిస్తాయి. అది వైరస్ చేసే పని కావచ్చు. వైరస్ మన ఫైళ్ళను దాచేస్తుంది. ఆ బాణం బొమ్మలను నొక్కవద్దు. 'ఫార్మాట్' చేయవద్దు. ఫార్మాట్ అంటే తుడవడమే. తెలిసినవారి చేత వైరస్ తీయించి, దాగినవాటిని బయటికి తెప్పించండి.

మూడవది: అక్షరాల వెనుక

ఒక్కోసారి ఫైలు దొరుకుతుంది. తెరిస్తే తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని అనుకుంటాం. చాలాసార్లు అది చెడిపోదు.

టైపు చేసే షాపుల్లో 'అను' ఫాంట్లు ఎక్కువగా వాడేవారు. ఫాంటు అంటే అక్షరాల అచ్చు. వీటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారు. కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే తెలుగు కనపడదు.

యూనికోడ్ పద్ధతిలో ఈ బాధ లేదు. అందులో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంది. 'అ' నంబరు 3077. అది బేస్తవారిపేటలోనైనా, అమెరికాలోనైనా ఒకటే. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది.

కాబట్టి పిచ్చి గీతలు కనిపిస్తే ఫైలును చెరపవద్దు. 'అను' ఉన్న షాపులో తెరిపించండి. యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చేటప్పుడు ఒత్తులు, అంకెలు తప్పు పడవచ్చు. కాగితంతో పోల్చి చదవండి.

చదివి సరిచూసేది మనమే

ఫైళ్ళన్నీ దొరికాయని ఎవరో చెబితే చాలదు. సంఘం సమావేశంలో ఆ లెక్కలు అచ్చు తీయించండి. ఒక్కో సభ్యురాలు తన పేరు తానే వెతుక్కోవాలి. తన పాసుపుస్తకంతో పోల్చుకోవాలి. మినిట్స్ పుస్తకంతోనూ చూడాలి. అందరి లెక్కలూ సరిపోయేదాకా పాత కంప్యూటరును అమ్మకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు.

మనం అక్షరం నేర్చుకున్నది ఎందుకు? మన డబ్బు లెక్క మనమే చదువుకోవడానికి.

గుర్తుంచుకుందాం

1. కనపడని ఫైలు పోయిన ఫైలు కాదు. ముందు వెతకాలి.
2. దొరికేదాకా ఏదీ చెరపరాదు, ఫార్మాట్ చేయరాదు.
3. ముఖ్యమైన ఫైలు రెండు చోట్ల ఉండాలి. కాగితం మీద కూడా ఉండాలి.

మాట్లాడుకుందాం

1. మీ సంఘం లెక్కలు ఎక్కడ దాచి ఉన్నాయి? ఎవరికి తెలుసు?
2. ఆ కంప్యూటరు పాడైతే మీ దగ్గర ఏ రుజువు ఉంటుంది?
3. మీ పాసుపుస్తకం చివరిసారి ఎప్పుడు రాయించారు? తీసి చదవండి.