ఉప్పుగాలిలో సేఫ్టీ బెల్టు

దివిసీమలో తాడిచెట్టెక్కే గీతకార్మికుడికి మోకు ఉంటుంది. చెట్టునీ తననీ చుట్టిన ఆ తాడు మీద బరువు మోపి వెనక్కి వాలితే రెండు చేతులూ పనికి దొరుకుతాయి. లైన్‌మన్ నడుము బెల్టుదీ ఇదే సూత్రం. కాళ్లు స్తంభాన్ని నెడతాయి, పట్టీ మనిషిని స్తంభం వైపు లాగి ఉంచుతుంది. ఒకప్పుడు ఈ బెల్టులు తోలువి. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో కరోదర్స్ నైలాన్ తీశాడు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలియెస్టర్ దారం తీశారు. ఆ తర్వాత తోలు వెనకబడింది.

దారం మారినా ఆ బెల్టు పని మారలేదు. అది మనిషిని నిలబెట్టడానికి పుట్టింది, పడేవాణ్ణి పట్టడానికి కాదు. 70 కిలోల మనిషి 1.8 మీటర్లు జారాక, సాగని తాడు అతన్ని 15 సెంటీమీటర్లలో ఆపేసిందనుకుందాం. ఒంటిమీద పడే తాకిడి అతని బరువుకు 13 రెట్లు, అంటే 910 కిలోలు. అదంతా నడుము మీదే పడితే వెన్నూ పొట్టా తట్టుకోలేవు. అందుకే అమెరికా నిర్మాణ రంగంలో 1998 జనవరి 1 నుంచి, పడేవాణ్ణి ఆపడానికి నడుము బెల్టు వాడకూడదన్నారు. దాని చోటికి భుజాలు, ఛాతీ, తొడలు కలిపి పట్టే హార్నెస్ వచ్చింది. 1999 నాటి మన ఐఎస్ 3521 ప్రమాణంలో బెల్టులూ హార్నెస్‌లూ రెండూ ఉండేవి.

హార్నెస్‌కు తోడు షాక్ అబ్జార్బర్. మడతలు పెట్టి కుట్టిన పట్టీ అది. జర్కు తగిలితే కుట్లు వరసగా తెగుతూ మనిషిని నిదానంగా ఆపుతాయి. ఆగే దూరం 60 సెంటీమీటర్లయితే పై లెక్కలో 13 రెట్లు కాస్తా 4 రెట్లవుతుంది. తెగడం కోసమే వేసిన కుట్లు ఇంత పని చేయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కానీ మన ఊళ్ల స్తంభాలు పొట్టివి. 8 మీటర్ల సిమెంటు స్తంభంలో ఆరో వంతు భూమిలోకి పోతే పైన మిగిలేది ఆరున్నర మీటర్ల పైచిలుకు. హార్నెస్ తాడు చివరి కొక్కేన్ని పాదాల దగ్గర తగిలిస్తే తాడు పొడవు, విప్పుకున్న అబ్జార్బర్, వేలాడే ఒళ్లు కలిపి దాని కింద 4 మీటర్లకు పైనే జాగా కావాలి. సగం ఎత్తులో ఉన్నవాడికి నేలే ముందు తగులుతుంది. అందుకే కొక్కెం తలకు పైనే పడాలి. ఎక్కేముందు స్తంభం మొదలూ చూడాలి. ఉప్పునేలలో లోపలి ఇనుప తీగ తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటు పగులుతుంది. స్తంభమే విరిగితే ఏ బెల్టూ కాపాడదు.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. 1990 మే 9న మరో తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. తుపాను వెలిసీ వెలవకముందే కరెంటెప్పుడొస్తుందని అందరమూ అడుగుతాం. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, లైను ఎర్త్ చేసి లైన్‌మన్ ఎక్కేది ఆ తడి స్తంభమే, వేసుకునేది ఆ తడిసిన పట్టీయే. నైలాన్ తడిస్తే కొంత బలం తగ్గుతుంది. ఆరాక పోగుల మధ్య మిగిలిన ఉప్పు గరుకు వాటిని లోపల్నించి కోస్తుంది. బందరు గాలికి కొక్కెం స్ప్రింగు తుప్పుపడుతుంది. గుడివాడ వైపు ఉప్పు తక్కువైనా ఎండ పోగుల్ని పెళుసు చేయక మానదు.

ఇవేవీ దూరంనుంచి కనపడవు, తడిమి చూడాలి. పట్టీని జానెడు జానెడుగా వంచితే తెగిన పోగులు పైకి లేస్తాయి. రంగు వెలిసినా, గట్టిపడినా, కాలిన మచ్చ ఉన్నా అనుమానించాలి. కుట్టుదారం వేరే రంగులో ఉంటే తెగిన కుట్టు ఇట్టే తెలుస్తుంది. కొక్కెం నాలుకను సగం తెరిచి వదిలితే తనంతట తనే టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే ఆ రోజు ఎక్కకూడదు. అబ్జార్బర్ సంచి ఏమాత్రం విచ్చుకున్నా దాని పని అయిపోయినట్టే. తడిస్తే మంచినీళ్లతో, తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. బ్లీచింగ్ తగలకూడదు. బ్యాటరీ యాసిడ్, పెట్రోలు ఉన్న పెట్టెలో పడేయకూడదు.

పరికరం నిలబడ్డా పని పూర్తి కాదు. కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. నిచ్చెనతో, తాడుతో కింద మరో మనిషి ఉండి తీరాలి. ఒకసారి మనిషిని ఆపిన హార్నెస్‌ను పైకి ఎంత బాగా కనపడినా మళ్లీ వాడకూడదు. పట్టీలు ముక్కలుగా కోసి పారేయాలి. లేకపోతే ఏ కొత్త కుర్రాడో గోడకు వేలాడుతున్న దాన్ని తీసుకుని స్తంభమెక్కుతాడు.