పెద్ద ఎవరు? చిన్న ఎవరు?

దక్షిణ కొరియాలో ఇద్దరు కొత్తవాళ్లు కలుసుకుంటే, కొద్దిసేపట్లోనే ఒకరి వయస్సు ఒకరు తెలుసుకుంటారు. ఎందుకో తెలుసా? తమలో పెద్ద ఎవరో తెలియకపోతే ఎలా మాట్లాడాలో వాళ్లకు తోచదు!

మనం స్నేహితుణ్ణి "నువ్వు" అనీ, పెద్దవారిని "మీరు" అనీ అంటాము. కొరియా భాషలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అన్నానికి కూడా రెండు మాటలున్నవి. స్నేహితుడు తినేది "బాప్", తాతగారు తినేది "జిన్‌జీ". బడిలో ఒక్క తరగతి పైన చదివేవాడు "సన్‌బే", కింద చదివేవాడు "హుబే". సన్‌బే కనిపిస్తే హుబే తల వంచి నమస్కరించాలి.

ఈ పద్ధతులకు మూలం చైనా జ్ఞాని కన్‌ఫ్యూషియస్ బోధలు. 1392 నుంచి కొరియాను ఏలిన జోసన్ రాజులు వాటినే రాజ్యధర్మంగా పాటించారు. పెద్ద ఉద్యోగం కావాలంటే ఆ గ్రంథాలు చదివి పరీక్షలో నెగ్గాలి. కాని అంతకాలం చదివే తీరిక చాలావరకు "యాంగ్‌బాన్" అనే ప్రభువర్గం వారికే ఉండేది. బానిసలకు పరీక్ష రాసే హక్కే లేదు.

ఆ రోజుల్లో జాంగ్ యోంగ్‌సిల్ అనే బానిస ఉండేవాడు. యంత్రాలు చేయటంలో దిట్ట. సేజోంగ్ రాజు అతని నేర్పు చూసి ఉద్యోగం ఇవ్వబోయాడు. తక్కువ పుట్టుకవాడికి పదవి తగదని అడ్డుచెప్పినవారు లేకపోలేదు. అయినా రాజు ఇచ్చాడు. 1434లో జాంగ్ చేసిన నీటిగడియారం వాడుకలోకి వచ్చింది. వేళ కాగానే కొయ్యబొమ్మలు వాటంతట అవే గంటా, డోలూ, జేగంటా మోగించేవి!

ఆ పాతపరీక్ష 1894లో రద్దయింది. కాని పరీక్షకు ఉన్న విలువ తగ్గలేదు. ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయంలో చదివాడన్నదే మనిషి అంతస్తుకు గుర్తు. అందుకే ఎందరో పిల్లలు బడి అయ్యాక రాత్రి దాకా ట్యూషన్లకు పోతారు. నవంబరులో ప్రవేశపరీక్ష జరిగే రోజున, పిల్లలు ఇంగ్లీషు విని జవాబులు రాసే వేళ, చప్పుడు కాకుండా విమానాలు లేవవు, దిగవు! ఆలస్యమైనవారిని పోలీసులే తమ బండ్లలో చేరుస్తారు.

ఇంత కష్టపడి చదివే పిల్లల్లోనూ, తరగతిలో సందేహం వస్తే నోరు మెదపనివారు చాలామంది ఉన్నారు. అడిగితే గురువుగారిని తప్పుపట్టినట్టు అవుతుందేమోనని భయం.

పెద్దలను గౌరవించటం మంచిదే. కాని చిన్నవాడి మాటకు చోటు లేకపోతే చదువు సగమే వస్తుంది. పుట్టుక చూసి సేజోంగ్ రాజు జాంగ్‌ను పంపేసి ఉంటే, ఆ గడియారం మోగేదా? కనుక తెలియనిది వినయంగా అడగండి. మీకంటె చిన్నవాడు అడిగితే కసరకుండా చెప్పండి.