స్పోర్కునకు విజ్ఞాన సర్వస్వమున చోటు కలదా?

చెంచావలె గుంటయు, దాని కొనయందు ఫోర్కువలె పొట్టి మొనలును గల పరికరమును ఆంగ్లమున స్పోర్కు అందురు. దీనికి విజ్ఞాన సర్వస్వమున ప్రత్యేక వ్యాసము తగునా? చెంచాను గూర్చిన వ్యాసములోనే రెండు పంక్తులు చాలవా?

అర్థము మాత్రము కావలెనన్న నిఘంటువు చాలును. 1909లో సెంచరీ నిఘంటువు అనుబంధము ఆ పని చేసినది. సర్వస్వమునకు వస్తువు పుట్టుక, నిర్మాణము, వినియోగము కావలెను. అవి దీనికి కలవు. 1874లో అమెరికాలో సామ్యూల్ ఫ్రాన్సిస్ చెంచా, ఫోర్కు, కత్తి కలిపిన పరికరమునకు పేటెంటు పొందెను. 1970లో అచ్చటనే ఒక సంస్థ స్పోర్కు అను పేరును వ్యాపారచిహ్నముగా నమోదు చేయించుకొనెను. మొనలు పొడవైనచో సూపు కారిపోవును. పొట్టివైనచో ముక్క గ్రుచ్చుకొనదు. ఈ రెంటి నడుమ రాజీయే దాని రూపము.

చూడవలసినది వస్తువు ఘనత కాదు, దానిగూర్చి రుజువుతో చెప్పదగిన విషయము. ఆ కొలతకు స్పోర్కు నిలుచును.