కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం

కిందటి దసరా పాట్‌లక్‌లో నలుగురం ప్లేట్లు పట్టుకుని ఒక మూల చేరి గంటసేపు మాట్లాడుకున్నది రాజకీయాలు కాదు, మావాడి కారు చప్పుడు గురించి. ఆ కథేదో పత్రికకు వ్రాసి ఇవ్వమని సంపాదకులు పట్టుపట్టారు. పాత కారు కొనిపెట్టమని పిల్లలు మారాం చేస్తున్న ఇళ్ళలో ఇది పనికిరావచ్చు.

మావాడు రెండు వేసవి సెలవులు పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో 1970ల నాటి ఫోర్ స్పీడు కారొకటి కొన్నాడు. పూర్వపు యజమాని ఎవరో కారుతో వచ్చిన గేరు లివరు తీసేసి, బయట అమ్మే పొట్టి లివరు బిగించాడు. వీటిని ఆఫ్టర్‌మార్కెట్ షిఫ్టర్లంటారు. కారు 50 మైళ్ళు దాటేసరికి లివరు దగ్గర గలగల మొదలు. “ఏమండీ, ఇందులోనా వాణ్ణి కాలేజీకి పంపించడం?” అని మా ఆవిడ. ఒక గరాజులో చూపిస్తే గేరుబాక్సు విప్పి బేరింగులన్నీ మార్చాలన్నారు. అడిగిన మొత్తం కారు ధరలో సగం.

నేను కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగు చదివినవాణ్ణి. గేరుబాక్సు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నానే గాని, స్పానరు పట్టుకుని కారు కిందికి దూరింది ఏనాడూ లేదు. “నువ్వు ఇంజనీరువి కదా నాన్నా, నువ్వు చూడలేవా?” అన్నాడు మావాడు. సిగ్గువేసింది. సరే చూద్దాం పదరా అన్నాను.

ఈ షిఫ్టర్లకు ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. జార్జ్ హర్స్ట్ అనే ఆయన 1950ల చివర్లో పెన్సిల్వేనియాలో మొదలుపెట్టిన కంపెనీ వీటికి పేరు తెచ్చింది. 1964లో పాంటియాక్ జి.టి.ఓ. కారు హర్స్ట్ షిఫ్టరుతోనే వచ్చింది. ప్రమాదంలో నుజ్జయిన కారులోంచి మనుషుల్ని బయటికి తియ్యడానికి ఫైర్ డిపార్టుమెంటు వాళ్ళు వాడే ‘జాస్ ఆఫ్ లైఫ్’ కూడా ఆయన కల్పనే. మావాడి కారులోది ఎవరి తయారీయో మాత్రం తెలియలేదు, పేరు అరిగిపోయింది.

ముందు చెయ్యవలసిన పని, చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టడం. దీనికి పైసా ఖర్చు లేదు. కారు నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను నడవనివ్వండి. క్లచ్ మీద కాలు తీసినప్పుడు చప్పుడు వచ్చి, నొక్కగానే ఆగిపోతే, గేరుబాక్సు లోపలి వ్యవహారం కావచ్చు. నొక్కినప్పుడే వస్తే క్లచ్ బేరింగుని అనుమానించాలి. ఈ రెండూ కాక, కారు నడుస్తుండగా లివరుని అరచేత్తో మెల్లగా అదిమితే చప్పుడు ఆగిందా, దోషం లివరులోనో దాని కింది రాడ్లలోనో ఉన్నట్టు. మావాడి కారులో చెయ్యి వెయ్యగానే గలగల ఆగింది, తీయగానే మళ్ళీ మొదలు. గరాజు వాళ్ళు ఈ ఒక్క పరీక్ష చెయ్యలేదు.

ఇలాంటి ఫోర్ స్పీడు కారులో లివరు నుంచి గేరుబాక్సు పక్కకి మూడు ఇనుప రాడ్లు వెళతాయి. ఒకటి, రెండు గేర్లకు ఒకటి, మూడు, నాలుగు గేర్లకు ఒకటి, రివర్సుకి ఒకటి. ప్రతి రాడ్డు రెండు కొసల్లోనూ ఒక్కో బుష్షు, అది ఊడకుండా ఒక క్లిప్పు. మొత్తం ఆరు. బటను పాటి బుష్షులే. అవి అరిగితే రాడ్డు కొస బెజ్జంలో వదులై, ఇంజను వణుకుకి టకటకా కొట్టుకుంటుంది. ఒక వేగంలో ఆ వణుకూ రాడ్డు సహజమైన ఊపూ కలిసినప్పుడు చప్పుడు ఇంతింతవుతుంది. మా తాతగారి ఊళ్ళో పాలేరు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన చేసి, బండి ఇరుసుకి పూసేవాడు. ఇనుము ఇనుముని ఒరుసుకోకుండా మధ్య ఒకటి ఉండాలి, అంతే సూత్రం.

ఈ బుష్షులు నైలానువీ దొరుకుతాయి, ఉక్కువీ దొరుకుతాయి. మావాడు ఉక్కువి కావాలన్నాడు. ఉక్కు త్వరగా అరగదు, గేరు పడటం చేతికి స్పష్టంగా తెలుస్తుంది, నిజమే. కాని వణుకుని యథాతథంగా పైకి మోసుకొస్తుంది. మన అమ్మలు చీరలుగా కట్టిన నైలాను, 1935లో విల్మింగ్టన్‌లో డుపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ కనిపెట్టిన ఆ పదార్థమే, నూనె అంతగా లేకపోయినా జారుతుంది, కొంచెం సాగుతుంది, చప్పుడు మింగుతుంది. అరుగుతుంది, సైలెన్సరు వేడికి మెత్తబడుతుంది. రోజూ తిరిగే కారుకి నైలానే మేలని నేను వాదించి నెగ్గాను. సంసారంలోనూ కాస్త నైలాను ఉండాలని మా ఆవిడ వ్యాఖ్య.

ఇక పని. సమతలం మీద కారు నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్ల మీద ఎత్తాలి. ఒట్టి జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరవద్దు. సైలెన్సరు గొట్టం చల్లారాలి. ఏ రాడ్డు ఎక్కడిదో ఫొటో తీసుకుని ఒక్కొక్కటే విప్పాలి. బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటే కొత్త బుష్షు నిలవదు, ఆ ముక్కే మార్చాలి. రాడ్డు కొస సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, కాస్త గ్రీజు రాసి, కొత్త బుష్షు, కొత్త క్లిప్పు వెయ్యాలి. పాత క్లిప్పు మళ్ళీ వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యం చివరి మెట్టు. ఈ రకం షిఫ్టర్లు చాలావాటికి కింద ఒక బెజ్జం ఉంటుంది. న్యూట్రల్‌లో పెట్టి అందులోంచి పావు అంగుళం కడ్డీ దూర్చితే లోపలి మూడు రేకులూ ఒక వరసలోకి వస్తాయి. అప్పుడు ప్రతి రాడ్డూ బలవంతం లేకుండా తన చోట కూర్చునేలా పొడవు సరిచెయ్యాలి. కడ్డీ తీసేశాక అన్ని గేర్లూ, రివర్సుతో సహా, ఇంజను ఆపివుండగానే వేసి చూసుకోవాలి.

మేం విప్పినప్పుడు ఆరింటిలో రెండు బుష్షులు పొడై రాలిపోయి ఉన్నాయి. మూడు, నాలుగు గేర్ల రాడ్డు తుప్పుపట్టిన క్లిప్పు అంచున వేలాడుతోంది. అది హైవే మీద ఊడివుంటే లివరు కదిలేది గాని గేరు మారేది కాదు, వెనక ట్రక్కులు. మావాడు దాన్ని చూసి ఏమీ అనలేదు. మా ఆవిడకి ఇది చదివితేనే తెలుస్తుంది.

కొత్త కార్లలో రాడ్లకు బదులు కేబుళ్ళుంటాయి, వాటి కొసల్లోనూ బుష్షులే. బయటి భాగం వేస్తే వారంటీ పోతుందని భయపడేవారికి ఒక మాట: 1975లో వచ్చిన మాగ్నుసన్–మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనడానికి లేదు. చెడిపోవడానికి ఆ భాగమే కారణమైతే మాత్రం ఆ మరమ్మతుకి ఇవ్వనక్కర్లేదు.

కిట్టు ఖరీదు మా ముగ్గురి హోటల్ భోజనమంత కూడా కాలేదు. పట్టింది ఒక శనివారం. గలగల పోయింది, సన్నని జుయ్యిమనే నాదం మిగిలింది. పొట్టి లివరుకి కింద రబ్బరు లేదు గనక అది మామూలే. ఇప్పుడు మావాడు కాలేజీకి ఆ కారులోనే వెళుతున్నాడు. మీ ఇంట్లో కూడా ఏదైనా బండి ‘పాడుతుంటే’ శనివారం మా గరాజుకి తీసుకురండి. కాఫీ మా ఆవిడ ఇస్తుంది, కారు కిందికి మాత్రం మీరే దూరాలి.