అద్భుత నవల - దృశ్య ధారావాహిక : అనుసరణ సూత్రాల పరిశీలన

అద్భుతరస ప్రధానమైన నవలను దూరదర్శన్ ధారావాహికగా మలచేటప్పుడు ఏది నిలుపుకోవాలి, ఏది విడిచిపెట్టాలి అన్న ప్రశ్న నేటిది కాదు. శ్రవ్యాన్ని దృశ్యంగా మార్చడంలోని చిక్కులను మన ఆలంకారికులు ఏనాడో చర్చించారు. వారు చెప్పిన సూత్రాలు నేటి దృశ్యమాధ్యమానికి ఎంతవరకు వర్తిస్తాయో, తెలుగువారికి చిరపరిచితమైన కాశీమజిలీ కథలను ప్రధాన లక్ష్యంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు పన్నెండు భాగాల బృహద్గ్రంథం. మణిసిద్ధుడనే యతి కాశీయాత్రకు బయలుదేరుతూ ఒక గోపబాలుణ్ణి తోడు రమ్మంటాడు. దారిలో తాను చూసిన వింతకు కారణం అడిగినప్పుడల్లా చెప్పాలన్నది ఆ బాలుని నియమం. ప్రతి మజిలీలో బాలుడు ఒక వింతను చూస్తాడు, అడుగుతాడు. యతి దాని వెనుక కథ చెబుతాడు. నడక, విడిది, ప్రశ్న, కథ - మళ్లీ నడక. ఒక మజిలీకి ఒక భాగం చొప్పున ధారావాహికకు కావలసిన విభజన గ్రంథంలోనే సిద్ధంగా ఉంది.

ఈ చట్రకథా పద్ధతి మనకు కొత్త కాదు. సోమదేవుని కథాసరిత్సాగరంలో చేరిన వేతాళపంచవింశతిలోనూ, మన తెలంగాణ కవి కొరవి గోపరాజు తెలుగు చేసిన సింహాసన ద్వాత్రింశికలోనూ ఇదే కనిపిస్తుంది. అయితే ఈ చట్రం కేవలం కథలను గుచ్చే దారం కాదు. వేతాళ కథలలో రాజు ప్రతిసారీ సమాధానం చెప్పి మౌనభంగం చేసుకుంటాడు. చివరికి సమాధానం తోచక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనమే చట్రకథకు ఫలం. అంటే లోపలి కథలు ఎన్ని మారినా బయటి కథ ఒకటి నెమ్మదిగా పరిణమిస్తూ ఉంటుంది.

1951లో విజయావారు నిర్మించిన పాతాళభైరవి చిత్రం కాశీమజిలీ కథలలోని ఇతివృత్తాన్ని ఆధారం చేసుకొన్నది. అల్లావుద్దీన్ అద్భుతదీపం కథాచ్ఛాయ కూడా అందులో స్పష్టం. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం. ఆ చిత్రంలో యతి లేడు, గోపబాలుడు లేడు, మజిలీ లేదు. ఇది దోషం కాదు. సుమారు మూడు గంటలలో ముగియవలసిన చిత్రానికి ఏకసూత్రమైన కథ కావాలి. అందువల్ల కర్తలు ఒక సాహసిని, ఒక మాంత్రికుణ్ణి, ఒక ప్రతిమను తీసుకొని, ప్రతిమ చేతులు మారడమే కథాగమనంగా నిర్మించారు. ప్రతిమ ఎవరి దగ్గర ఉంటే బలం వారిది. ఈ ఒక్క నియమాన్ని ప్రేక్షకుడు గ్రహిస్తే చాలు, తరువాతి అద్భుతాలన్నీ సహజంగా తోస్తాయి.

ధారావాహిక స్థితి వేరు. వారానికోసారి అరగంట చొప్పున నెలల తరబడి సాగేదానికి విశ్రాంతి స్థలాలు, జ్ఞాపకం చేసే ఉపాయాలు అవసరం. 1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన విక్రమ్ ఔర్ బేతాళ్‌లో రామానంద సాగర్ చట్రకథను విడువలేదు. శవాన్ని భుజాన వేసుకొన్న రాజు, ప్రశ్నించే బేతాళుడు ప్రతి భాగంలోనూ కనిపిస్తారు. లోపలి కథ మరచినా ఆ నడకను మరచిన ప్రేక్షకుడు లేడు.

1994లో ప్రసారం ఆరంభమైన చంద్రకాంత మరో దారి పట్టింది. దేవకీనందన్ ఖత్రీ 1888లో ప్రకటించిన హిందీ నవల దానికి మూలం. నవలలో ఐయారులు వేషాలు మార్చి, మత్తుమందులు వాడి పనులు సాధిస్తారు. తిలిస్మ్ అనే మాయాభవనం చివరికి శిల్పుల యంత్రకౌశలంగా తేలుతుంది. అంటే మూలంలోని అద్భుతానికి చాలావరకు లౌకికమైన సమాధానం ఉంది. నీర్జా గులేరీ దర్శకత్వంలోని ధారావాహిక ఈ సమాధానాన్ని పక్కన పెట్టి మాయలను, విషకన్యలను పెంచింది. నవలలో పరిమితమైన క్రూర్‌సింగ్ పాత్రను ప్రధానం చేసింది. జనాదరణ అపారంగా లభించింది. కాని నవల పాఠకునికి చివర దొరికే ఆనందం, అంటే ముడి విప్పిన తృప్తి, ప్రేక్షకునికి అంతగా దక్కలేదు.

ఇట్టి మార్పులు ఎంతవరకు అంగీకార్యం? ఇతివృత్తాన్ని స్వీకరించిన కవి రసానికి అనుకూలం కాని ఘట్టాన్ని విడిచి, అనుకూలమైనదాన్ని కల్పించుకోవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో అంగీకరించాడు. కుంతకుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, మూలంలోని అంగిరసాన్నే మార్చి మరొక రసాన్ని నిర్వహించడాన్ని ప్రబంధవక్రతలో ఒక భేదంగా చెప్పి, వేణీసంహార, ఉత్తరరామచరితాలను ఉదాహరించాడు. కనుక మార్పు తప్పు కాదు. మార్చినదానికి తగిన రసనిర్వహణ జరిగిందా అన్నదే ప్రశ్న. చంద్రకాంత ధారావాహికను మూలవిరుద్ధమని నిందించడం కంటె, తిలిస్మ్ రహస్యాన్ని తొలగించిన చోట దానికి సాటివచ్చే ఫలాన్ని ఇచ్చిందా అని విచారించడం న్యాయం.

కాలాన్ని కుదించే ఉపాయాలకు కూడ మన నాట్యశాస్త్రంలో పేర్లున్నాయి. రంగస్థలం మీద చూపరానిదాన్ని, చూపనక్కరలేనిదాన్ని తెలిపేవి అర్థోపక్షేపకాలు. జరిగినదాన్నీ జరగబోయేదాన్నీ సంక్షేపంగా చెప్పేది విష్కంభం. ప్రతి భాగం ముందు వచ్చే గతకథా సంగ్రహం దీని రూపాంతరమే. తెరవెనుక నుండి వినిపించే చూళిక నేటి వ్యాఖ్యాత కంఠస్వరం. అంకాంతంలో పాత్రలు రాబోయే అంకాన్ని సూచించే అంకాస్యం, ఉత్కంఠతో భాగాన్ని ఆపే నేటి పద్ధతికి పూర్వరూపం. కాశీమజిలీలలో ఈ పనులన్నిటినీ చేయగలవాడు గోపబాలుడు. అతడు అడిగే ప్రశ్నలోనే గతం గుర్తుకు వస్తుంది, రాబోయేదాని మీద కుతూహలం పుడుతుంది. బాలుణ్ణి తీసివేస్తే ఈ భారమంతా వ్యాఖ్యాత మీద పడుతుంది.

ఇక అద్భుత ప్రదర్శనం. నిర్వహణ సంధిలో అద్భుతరసం ఉండాలని భరతుడు విధించాడు. అద్భుతం చివరకు పండవలసిన ఫలమని దీని భావం. ప్రతి భాగంలోనూ నాలుగు మాయలు చూపితే ఐదవదాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపడరు. రసప్రతీతికి కలిగే ఏడు విఘ్నాలలో మొదటిదిగా అభినవగుప్తుడు సంభావనా విరహాన్ని పేర్కొన్నాడు. ఇది జరుగగలదన్న నమ్మకం లేనిచోట హృదయం నిలవదు.

ఈ మాట కాసిపేట వంటి చోట బాగా బోధపడుతుంది. మంచిర్యాల జిల్లాలోని ఈ సింగరేణి ప్రాంతంలో గనిని బాయి అంటారు. షిఫ్టుకు బాయి దిగే తండ్రులున్న ఇంట్లో పాతాళలోకం కేవలం కల్పన కాదు. అక్కడ వెలుగు తల మీది దీపం తిరిగినంత మేరకే. చప్పుడు ముందు వినిపిస్తుంది, కారణం తరువాత తెలుస్తుంది. పాతాళ బిలాన్ని రత్నకాంతులతో నింపి చూపే దృశ్యం ఈ ప్రేక్షకుణ్ణి మెప్పించడం కష్టం. ముందు చీకటిని నమ్మించి, తరువాత ఒక్క మణి వెలిగిస్తే అతడు ఆశ్చర్యపడతాడు. తెలంగాణలో ఒగ్గు కథకులకూ, చేర్యాల నకాశీ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ కథ చెప్పేవారికీ ఈ మర్మం తెలుసు. పటమంతా ఒక్కసారి పరిస్తే కథ లేదు.

పై చర్చ వలన మూడు సూత్రాలు తేలుతున్నాయి. చట్రకథ ఉన్నచోట దాన్ని చివరివరకు రక్షించాలి. అద్భుతానికి ఒక నియమం ఏర్పరచి, దాన్ని మీరకూడదు. మూలంలోని ఫలాన్ని తొలగిస్తే సమానమైన ఫలాన్ని కల్పించాలి.

వీటిలో మొదటిది మన వృత్తికి సంబంధించినది. నేటి అంతర్జాల ప్రసారవేదికలు పరిమిత ధారావాహికలను విరివిగా నిర్మిస్తున్నాయి. రేపు ఎవరైనా కాశీమజిలీలను చేపడితే రాజకుమారులూ మాంత్రికులూ తప్పక ఉంటారు. నిర్మాణ వ్యయం చూసి మొదట తొలగించేది దారి నడిచే ఇద్దరినే. కాని ఆ గ్రంథంలో మన విద్యాసంప్రదాయానికి అసలైన ప్రతిరూపం ఆ ఇద్దరే. పశువులు కాచుకొనే పిల్లవాడు అడుగుతాడు, పండితుడు విసుగులేక చెబుతాడు. తరగతిలో మన ఎదుట కూర్చున్న విద్యార్థులలో చాలామందికి పన్నెండు భాగాలూ చదివే అవకాశం రాదు. తెర మీద చూసినదే వారికి కాశీమజిలీ. అందులో ప్రశ్న అడిగే బాలుడు లేకపోతే వారికి వింతలు మాత్రం మిగులుతాయి, అడిగే అలవాటు మిగలదు. అనుసరణకు పూనుకొన్నవారు సలహా కోరి మన కళాశాలల గడప తొక్కినప్పుడు, ముందుగా చెప్పవలసిన మాట ఇది.