ఎండ కొలత తెలుసుకుందాం

దోహా: 2022 జులైలో మా సైటులో కమ్మీ పని చేసే శ్రీకాకుళం తమ్ముడొకడు పొద్దున తొమ్మిదింటికే కూలబడ్డాడు. థర్మామీటరులో 38 డిగ్రీలే. 'ఇంత ఎండ మనూళ్లో లేదా' అనుకుని పని నడిపించాం. తప్పు మాదే. తేమను లెక్కలోకి తీసుకోలేదు.

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమలో చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకే 1950లలో అమెరికా సైనిక శిబిరాల్లో వడదెబ్బలు చూసిన పరిశోధకులు 'వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్' అనే కొలత తెచ్చారు. వేడి, తేమ, ఎండ, గాలి అన్నీ అందులో కలిసొస్తాయి. ఖతార్‌లో 2019లో కార్మికుల మీదే పరిశోధన జరిగింది. 2021 నిబంధన ప్రకారం ఈ కొలత 32.1 దాటితే ఏ వేళైనా బయటి పని ఆపాల్సిందే.

మధ్య అమెరికా చెరకు కూలీల్లో షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు తగ్గడమే ముఖ్య కారణాలని చాలామంది పరిశోధకుల మాట. నీళ్లు, నీడ, విశ్రాంతి ఇచ్చిన చోట నష్టం తగ్గింది. మన ఉద్దానం జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఆ తమ్ముడు కోలుకున్నాడు. ముందే తల తిరిగిందట, ఓవర్‌టైం పోతుందని చెప్పలేదు. అన్నల్లారా, తమ్ముళ్లారా! దాహం వేయకముందే నీళ్లు తాగండి. మూత్రం ముదురు రంగులో వస్తే ఫోర్‌మన్‌కు చెప్పండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఓవర్‌టైం మళ్లీ వస్తుంది, కిడ్నీ రాదు.